దానపు పద్దా? బాకీ పద్దా?

వర్తకుని యింట బయటకు పోవు ప్రతి పైసకును ఒక పద్దు ఉండవలెను. సరకు కొన్నది సరకు ఖాతాకు, గుమాస్తా జీతము ఖర్చు ఖాతాకు, గుడికి ఇచ్చినది ధర్మాదా ఖాతాకు పోవును. ఏ ఖాతాకును చెందక పోయిన డబ్బు ఒకటే, అది పారవేసికొన్న డబ్బు. ఇంత కట్టుదిట్టముగా చిట్టా ఆవర్జాలు వ్రాయు సమాజమునకు ఒక్క పద్దు విషయమున మాత్రము తేలని సందేహమొకటి ఉన్నది. మాంద్యము వచ్చి అంగడిలో బేరము సగమునకు పడిపోయినది. ఇరువది యేండ్లుగా పనిచేయుచున్న మనిషిని రేపటినుండి రావద్దని చెప్పవలసి వచ్చినది. అతడు వేరొక పని నేర్చుకొనవలెను. నేర్చుకొనునంత కాలము అతని యింట పొయ్యి వెలుగవలెను, పిల్లల బడిజీతము కట్టవలెను, నేర్పువానికి రుసుము చెల్లింపవలెను. ఈ డబ్బులో కొంత భాగమైనను పాత యజమాని ఇచ్చినయెడల, దానిని ఏ ఖాతాలో వ్రాయవలెను? దానమనియా, బాకీ తీర్చుట యనియా?

చాలమందికి ఈ సందేహము రాదు, ఇయ్యనే ఇయ్యరు గనుక. ఇచ్చిన కొద్దిమందియు ధర్మాదా క్రింద వ్రాయుదురు. ధర్మాదా మంచి ఆచారమే. బిల్లునకు ఇంతయని తీసి ప్రక్కకు పెట్టిన చిల్లరడబ్బుతో ఎన్నో ధర్మశాలలు, గోశాలలు, పాఠశాలలు లేచినవి. తమిళదేశమున వర్తకులు దీనివంటి దానినే మగమై యందురు. కాని పద్దు మారినచో వ్యవహారమంతయు మారును. దానమైనచో ఎంత ఇయ్యవలెనో, ఎప్పుడు ఇయ్యవలెనో ఇచ్చువాని యిష్టము. పుచ్చుకొనువాడు చేతులు జోడింపవలెను. ఇచ్చువానికి పుణ్యము. బాకీయైనచో మొత్తము ముందే నిర్ణయమై యుండును, గడువు ఉండును, పుచ్చుకొనువాడు తల వంపనక్కరలేదు. ఇచ్చువానికి పుణ్యమేమియు రాదు, ఋణము మాత్రము తీరును. పుణ్యము వచ్చు పద్దును విడిచి పుణ్యము రాని పద్దును ఎంచుకొను వర్తకుడు అరుదు. సందేహము ఇన్నాళ్లు తేలకుండుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును.

ఇది గాలిలో పుట్టిన ప్రశ్న కాదు. 2008 సెప్టెంబరులో అమెరికాదేశమున లేమన్ బ్రదర్సు అను పెద్ద బ్యాంకు కూలినది. అచ్చట వజ్రపుటుంగరములు కొనువారు వెనుకకు తగ్గిరి. దాని దెబ్బ ఎక్కడనో దూరముననున్న సూరత్తు నగరములో, వరాఛా, కతార్‌గామ్ వీధులలోని కార్ఖానాలమీద పడినది. ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో, రాళ్ల లెక్కను చూచిన, అధికభాగము ఆ నగరపు చేతులమీదుగానే పోవును. ఆ వర్తకములో పాలన్‌పూరు జైనకుటుంబముల పేరు ఎంతటిదో ఈ సంచిక చదువువారికి చెప్పనక్కరలేదు. ముంబయినుండి ఆంట్‌వెర్పు వరకు వారి వ్యవహారములున్నవి. సానపట్టు చేతులు మాత్రము ఎక్కువగా సౌరాష్ట్రమునుండి, అమ్రేలీ, భావనగరు జిల్లాలనుండి వచ్చినవారివి. వారిని రత్నకళాకారులని పిలుతురు. పేరు గొప్పది. కూలి మాత్రము రాయికి ఇంతయని. రాయి లేనినాడు కూలి లేదు.

దీపావళికి ఆ కార్ఖానాలు సుమారు మూడు వారములు మూయుట ఆచారము. పనివారు సకుటుంబముగా తమ ఊళ్లకు పోయి పండుగ చేసికొని తిరిగివత్తురు. 2008లో పండుగ అక్టోబరు చివర వచ్చినది. పోయినవారు తిరిగివచ్చి చూచునప్పటికి అనేక కార్ఖానాల తలుపులు తెరువలేదు. నవంబరులో ఆ వర్తకుల మండలి ముడిరాళ్ల దిగుమతిని ఒక నెలపాటు నిలుపుడని సభ్యులను కోరినది. ధర చెడకుండ కాచుకొనుటకు అది వర్తకనీతిలో సరియైన ఉపాయమే. సరకు ఎక్కువై కొనువాడు తక్కువైనప్పుడు సరకు తగ్గించుట బుద్ధిమంతుల పని. కాని రాయికి ఇంతయని కూలి పుచ్చుకొనువాని యింట ఆ తీర్మానమునకు అర్థము వేరు. పిల్లలను బడులు మాన్పించినారు. కొందరు ప్రాణములే తీసికొన్నారు. ఆనాటి పత్రికలలో ఈ వార్తలు వచ్చినవి.

అదే మరల జరిగినది. 2023 అక్టోబరు 15 నుండి డిసెంబరు 15 వరకు రెండు నెలలు ముడిరాళ్ల దిగుమతి ఆపినారు. ఆ గడువు ముగిసిన రెండు దినములకు, డిసెంబరు 17న, నాలుగువేలకు పైగా కార్యాలయములు పట్టు సూరత్తు వజ్రవిపణి భవనమునకు ప్రధానమంత్రి ప్రారంభోత్సవము చేసినారు. భవనము కట్టువారికి మాంద్యము వచ్చునని ముందుగా తెలియదు గనుక వారిని అనవలసినది లేదు. అయినను ఆ రెండు తేదీలు ప్రక్కప్రక్కన వ్రాసి చూచినవానికి మనస్సు కలతపడక మానదు. ఆపైని యంత్రశాలలో చేసిన వజ్రము వచ్చి సహజవజ్రపు గిరాకీని తినివేసినది. 2025 ఆగస్టులో అమెరికా ఈ దేశపు సరకుపై సుంకమును నూటికి యాబదికి పెంచినప్పుడు మరియొక దెబ్బ.

ఇప్పుడు పనిపోయినవానివైపునుండి చూడవలెను. ఘంటి యని పిలువబడు సానచక్రము చుట్టు నలుగురు కూర్చుందురు. గుండ్రని వజ్రమునకు 57 ముఖములు దిద్దవలెను. ఏ ముఖము ఏ కోణమున ఉండవలెనో వ్రేళ్లకు తెలియవలెను, భూతద్దములో కన్నునకు తెలియవలెను. పదునైదవ యేట కూర్చున్న కుఱ్ఱవానికి ఈ విద్య పట్టుబడుటకు కొన్ని యేండ్లు పట్టును. నలువదియవ యేటికి అతడు ఆ వీధిలో పేరున్న పనివాడు. అయితే ఆ వ్రేళ్ల నేర్పు ఘంటి దగ్గరతప్ప మరెక్కడను చెల్లదు. ఇది చెల్లని నాణెమువంటిది కాదు, ఒక్క ఊరిలోనే చెల్లు నాణెమువంటిది. ఆ ఊరే మూతపడినది.

కూటికొరకు కోటి విద్యలని సామెత. కాని కోటి విద్యలలో రెండవ విద్య నలువదియవ యేట నేర్చుట యెట్టిదో ఆ సామెత చెప్పినవాడు చెప్పలేదు. మొదటి చిక్కు, నేర్చుకొను కాలమున కూలి ఉండదు. ఆరు నెలల శిక్షణ యనిన ఆరు నెలల అద్దె, ఆరు నెలల బియ్యము, ఒక సంవత్సరపు బడిజీతము. పని ఉన్ననాడు తీరిక లేదు. తీరిక ఉన్ననాడు చేత చిల్లిగవ్వ లేదు. రెండవది, నేర్పుచోట ఏ యంత్రము ఉండునో ఆ విద్యయే నేర్పుదురు గాని, బజారులో ఏ పనికి మనుషులు కావలెనో ఆ విద్య నేర్పుట తక్కువ. చేత ఒక కాగితము పెట్టి పంపుదురు. మాంద్యములో ఆ కాగితమును చూచువాడెవడు? సంవత్సరము గడచునప్పటికి అది పాతబడును. బేరము మరల పుంజుకొన్నప్పుడు యజమానులు క్రొత్తగా నేర్చి వచ్చిన ఇరువదియేండ్లవానిని చూతురు. మూడవది, వయస్సు. నలుబదియైదేండ్లవాడు కుఱ్ఱవాండ్ర ప్రక్కన బల్లమీద కూర్చుండి, తన కొడుకు ఈడువాని దగ్గర కంప్యూటరు మీటలు నొక్కుట నేర్చుకొనవలెను. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి యని అనుకొని నవ్వగలిగినవాడు అదృష్టవంతుడు. నవ్వలేనివాడు రెండవ వారమునుండి బడికి పోవుట మానును. ఇంట అడిగినవారికి పోవుచున్నానని చెప్పును.

గుజరాతు ప్రభుత్వము 2009లో పనిపోయిన వజ్రకార్మికులకు శిక్షణ యిచ్చుటకు ఏర్పాట్లు చేసినది. కొందరు వస్త్రములపై కుట్టుపని చేయు యంత్రములదగ్గరకు పోయినారు. కొందరు సౌరాష్ట్రమునకు మరలి అన్నదమ్ముల పొలములో చేతులు కలిపినారు. కుట్టుయంత్రముల పని దొరకినవానిది ఒక గట్టెక్కుట. అయితే ఒక వృత్తినుండి తరుమబడినవారు గుంపుగా మరియొక వృత్తిలో దిగినచో అచ్చటి కూలి పడిపోవు ప్రమాదమున్నది. సూరత్తులోనే మరమగ్గములమీద బ్రతుకు తెలుగు పద్మశాలీలు వేలకొలది ఉన్నారు. బట్టల వ్యాపారములో చేతులు ఎక్కువైనచో వారికి తెలియకనే ఆ వజ్రపు దెబ్బ వారి మగ్గమునకును తగులును.

షోలాపురము ఎరిగినవారికి ఇది క్రొత్త కథ కాదు. అచ్చటి బట్టల మిల్లులు ఒకటొకటిగా మూతపడినప్పుడు, మిల్లులో తప్ప మరెక్కడను పనిచేయని తెలుగు మగవారు వీధులపాలైనారు. ముంబయిలో 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తరువాత గిరణీలనుండి బయటపడినవారిలోను తెలుగువారు ఉన్నారు. షోలాపురములో అనేక కుటుంబములను ఆ దినములలో నిలిపినది ఆడవారు చుట్టిన బీడీలు. పొగాకు వ్యాపారమును శ్రావకుడు మెచ్చడు, మెచ్చనక్కరలేదు. కాని ఆ బీడీల డబ్బుతో కొడుకును చదివించిన తల్లిని తప్పుపట్టుటకు ముందు, ఆమెకు ఇంకొక పని నేర్పుటకు ఎవరు ముందునకు వచ్చిరో అడుగవలసి యుండును.

ఇంత దూరము పోనక్కరలేదు కూడ. అంగడిలో గల్లాపెట్టె ప్రక్కన కూర్చున్న గుమాస్తాను చూచిన చాలును. ముప్పది యేండ్లు చిట్టా వ్రాసి, ఖాతాలు ఎత్తి, సంవత్సరాంతమున పైసా తేడా లేకుండ లెక్క కట్టినవాడు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినది. నెలనెలకు పత్రములు కంప్యూటరుమీదుగా పంపవలెను. టాలీ తెలిసిన కుఱ్ఱవాడు వచ్చి కూర్చున్నాడు. 2020లో రోగభయముతో అంగళ్లు మూసినప్పుడు ఇద్దరికి జీతము ఇయ్యలేక ఒకనిని పంపివేయవలసి వచ్చినది. ఎవనిని పంపినారో చెప్పనక్కరలేదు. నోటు చూచి బాకీదారుని మొగము చెప్పగల మనిషి, యేబది రెండేండ్లవాడు, ఇంటి అరుగుమీద కూర్చున్నాడు. అతనిని ఏమనవలెనో అంగడివారికి తెలియదు. పండుగకు మిఠాయిపెట్టె పంపుదురు. ఆ మిఠాయి ఏ పద్దు?

ఇచ్చట సాధారణముగా వినవచ్చు సమాధానమొకటి ఉన్నది. అది జైనుల నోటనే వినవచ్చును గనుక దానిని విడిచిపెట్టరాదు. ఎవని కర్మ వానిది. ఎవనికి లాభాంతరాయకర్మ ఉదయించినదో వానికి కూలి దొరకదు. ఆ కర్మను అతడే కట్టుకొన్నాడు. యజమాని నిమిత్తమాత్రుడు అని. కర్మసిద్ధాంతము సత్యమే. కాని సగము చదివిన శాస్త్రము మొత్తము చదువనిదానికంటె చెడ్డది. ఆ అంతరాయకర్మ ఎట్లు బంధమగునని అడిగినచో, ఇతరుల దానమునకు, లాభమునకు, భోగమునకు అడ్డుపడుటచేతనే యని శాస్త్రము చెప్పుచున్నది. ఒకని పాత కర్మ పక్వమగుచున్న వేళ దానికి చేయూతనిచ్చిన మరియొకడు తన క్రొత్త కర్మను కట్టుకొనుచున్నాడు. పనిపోయినవాని చిట్టాలో ఏమి వ్రాసియున్నదో చూచు అధికారము వర్తకునకు లేదు, తన చిట్టాలో ఏమి వ్రాయబడుచున్నదో చూచుకొను భారము మాత్రము ఉన్నది. అదియుగాక తనకు నష్టము వచ్చినప్పుడు ఏ వర్తకుడును కర్మోదయమని ఊరకుండడు. బ్యాంకుకు పోవును, ఋణము అడుగును, ప్రభుత్వమునకు అర్జీ వ్రాయును. అర్జీ వ్రాయునప్పుడు గుర్తురాని కర్మ గుమాస్తాను పంపునప్పుడే గుర్తురావలెనా?

అహింసాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో, కట్టుట, కొట్టుట, అంగచ్ఛేదము, అతిభారము మోపుట అనువానితోబాటు అన్నపాననిరోధము ఒకటి ఉన్నది. తన్ను ఆశ్రయించి బ్రతుకు ప్రాణికి వేళకు కూడు నీరు అందకుండ చేయుట. దీనిని పశువుల విషయమున చెప్పినదని తీసిపారవేయువారున్నారు. పశువునకు తప్పైనది మనిషికి ఒప్పు ఎట్లగునో వారే చెప్పవలెను. వాన నీటిలో పురుగును చూచి అడుగు ప్రక్కకు వేయు శ్రావకుడు, తన అంగడి తలుపు మూయుటచేత ఏయే యిండ్లలో అన్నపానములు నిలిచినవో ఎంచుకొనకుండుట వింత. అయితే ఇది యజమానిని హింసకుడని నిందించుటకు చెప్పునది కాదు. బేరము లేనినాడు అంగడి మూయక తప్పదు. సంకల్పించి చేయు హింస వేరు, వ్యాపారములో తప్పనిసరియై వచ్చునది వేరు అని శాస్త్రమే విడదీసినది. తప్పనిసరియైనది జరిగినపిమ్మట చేయవలసినది ఏమున్నది యనునదే ప్రశ్న.

దీనికి దారి చూపునది ఆదినాథుని కథ. శ్వేతాంబర దిగంబర భేదము లేక అందరును ఎరిగిన కథయే. జినసేనాచార్యులు సంస్కృతమున, వేంగినాటినుండి వచ్చిన కుటుంబములో పుట్టిన పంపకవి క్రీ.శ. 941లో కన్నడమున, దీనిని ఆదిపురాణములుగా వ్రాసినారు. భోగభూమి ముగియు కాలమున కల్పవృక్షముల శక్తి ఉడిగినది. అంతవరకు అడిగినది చెట్టు ఇచ్చినది. పని యెట్లుండునో జనులకు తెలియదు. ఒక్కసారిగా అందరికి జీవనము పోయినది. ఇంతకంటె పెద్ద మాంద్యము ఏ పురాణములోను లేదు. జనులు ఋషభుని దగ్గరకు వచ్చి, ఏమి తిని బ్రతుకుదుమని అడిగినారు. ఆయన అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము అను ఆరు కర్మలను నేర్పినారు. ఈ గ్రంథము చదువు వర్తకకుటుంబముల వాణిజ్యమునకు మూలము అదే. పని లేనివారికి పని నేర్పినప్పుడు పుట్టిన వృత్తియే వాణిజ్యము.

ఆ నేర్పుట ఒక్క దినములో తేలలేదని శ్వేతాంబర కథలు చెప్పును. జనులు పచ్చి ధాన్యము తిని అరుగక బాధపడినారు. అగ్ని పుట్టినపిమ్మట ధాన్యము దానిలో వండుకొనుడన్న, నేరుగా నిప్పులలో పోసినారు. నిప్పు అంతయు తానే తినివేసినది, మాకేమియు మిగుల్చలేదని ఫిర్యాదు చేయుటకు మరల వచ్చినారు. అప్పుడు ఋషభుడు ఏనుగుమీద నుండి, తడిమన్ను తెప్పించి, ఏనుగు కుంభస్థలముమీద దానిని అదిమి కుండ చేసి చూపినారట. కుమ్మరిపని మొదటి శిల్పమైనది. ఈ కథలో గమనింపవలసినది, నేర్చుకొనువారు ఎంత తెలివితక్కువగా కనబడినను ఆయన ఒకమారు చెప్పితిని గదా అనలేదు. రెండవమారు చేతితో చేసి చూపినారు. శిక్షణాలయము నడుపువారు, ఆరు వారములలో నేర్వనివాడు పనికిరానివాడని వ్రాయుటకు ముందు ఆ కుండను తలచుకొనవచ్చును.

ఇక అసలు మాట. ఆదినాథుడు ఆరు కర్మలు నేర్పినది దీక్షకు పూర్వము, రాజుగా ఉన్న దినములలో. దీక్ష వహించినపిమ్మట ఆయన ఆహారమునకై తిరిగినప్పుడు జనులు ఏనుగులను, రత్నములను, కన్యలను తెచ్చి నిలిపిరిగాని, అన్నము పెట్టుట ఎవరికిని తోచలేదు. దానమనగానేమో లోకమునకు ఇంకను తెలియదు. సంవత్సరము దాటినపిమ్మట హస్తినాపురమున శ్రేయాంసుడు చెఱకురసము పోసినాడు. ఆ దినమే అక్షయతృతీయ. శ్రేయాంసుడే మొదటి దాత యని అందరును ఒప్పినమాట. అట్లయినచో, వృత్తులు నేర్పినప్పటికి లోకములో దానమే పుట్టలేదు. పుట్టనిదాని పద్దు క్రింద ఆ పనిని వ్రాయుట ఎట్లు? పని పోయినవారికి పని నేర్పుట దానముకంటె ముందటిది. అది రాజు ప్రజకు తీర్చవలసిన బాకీ. ఎవరి అండను నమ్ముకొని జనులు బ్రతికిరో వారి తలమీద పడు భారము.

యజమాని రాజు కాడు గదా అని అనవచ్చును. నిజమే. కాని ఆ పదునైదేండ్ల కుఱ్ఱవానిని ఘంటిదగ్గర కూర్చుండబెట్టి, మరే విద్యయు నేర్వనీయక, ముప్పది యేండ్లు ఒకే పని చేయించుకొన్నది ఎవరు? పని అంత నేర్పుగా చేయించుకొనుటలో యజమానికి లాభమున్నది. ఆ నేర్పు ఇంకెక్కడను చెల్లకుండుట పనివానికి నష్టము. లాభము ఒకరికి, నష్టము ఒకరికి మిగిలిన వ్యవహారములో తేడా బాకీగా నిలుచునని వర్తకునకు చెప్పవలెనా? గుమాస్తా విషయమున ఇది మరింత స్పష్టము. ఆ అంగడి లెక్క తప్ప మరే లెక్కయు అతనికి రాకుండుటకు కారణము, అతడు ముప్పది యేండ్లు ఆ అంగడి విడిచి పోకుండుట. ఆ నమ్మకమునకు అప్పుడు మెచ్చుకొన్నారు.

చట్టమును కొంతవరకు బాకీపక్షమే పట్టినది. పనినుండి తొలగించినవానికి, చేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల వేతనము ఇయ్యవలెనని 1947 పారిశ్రామిక వివాదముల చట్టములో ఉండినది. 2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలో ఆ పరిహారముతోబాటు మరియొకటి చేరినది. తొలగింపబడిన కార్మికుడు క్రొత్త పని నేర్చుకొనుటకు ఒక నిధి. దానికి యజమాని ఆ కార్మికుని పదునైదు దినముల వేతనము కట్టవలెను. అది నలువదియైదు దినములలో కార్మికుని ఖాతాకు చేరవలెను. దానమనుమాట అందులో లేదు. తప్పక కట్టవలసినది. అయితే పదునైదు దినముల వేతనముతో ఏ విద్య వచ్చును? ఘంటిదగ్గర ఆ నేర్పు రావలెనన్న ఏండ్లు పట్టినది. పైగా హాజరుపట్టీలో పేరులేని చిన్న కార్ఖానా పనివానికి ఈ చట్టము అందుట కష్టము. అతనిని తొలగించినట్లు కాగితమే ఉండదు. రేపటినుండి రాయి లేదని చెప్పుదురు, అంతే.

వ్యాపారలాభము చూపి ఒప్పించువారును ఉన్నారు. సూరత్తులో 2009 చివరకు గిరాకీ మరల లేచినప్పుడు పనివారు చాలక యజమానులు వెదకుకొనవలసి వచ్చినది. ఊళ్లకు పోయినవారిలో అనేకులు తిరిగి రాలేదు. రమ్మనుటకు కూలి పెంచవలసి వచ్చినది. కాబట్టి మాంద్యములో పనివారిని కాచుకొన్నవాడే తుదకు బాగుపడునని వారి వాదము. వాదములో తప్పు లేదుగాని, అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. రేపు ధర వచ్చునని మనుషులను నిలవచేయుట గోదాములో సరకు నిలవచేయుటవంటిది. అది సరకు ఖాతా. రేపు ధర రాదని ముందే తెలిసినచో? యంత్రవజ్రము వచ్చినపిమ్మట పాత ఘంటి మరల అంత తిరుగునని ఎవడును పూచీపడలేడు. చేతిచిట్టా మరల రాదు. తిరిగి అక్కరపడని మనిషి దగ్గరనే ఈ బాకీ నిజముగా పరీక్షకు వచ్చును.

సమ్యగ్దర్శనమునకు చెప్పిన ఎనిమిది అంగములలో స్థితికరణము ఒకటి. జారిపోవుచున్నవానిని మరల నిలువబెట్టుట. శ్రేణికుని కుమారుడు వారిషేణుని కథ దీనికి ఉదాహరణముగా చెప్పుదురు. అతని స్నేహితుడు దీక్షపుచ్చుకొనియు భార్యను మరువలేక కొట్టుకొనుచుండగా, వారిషేణుడు అతనిని తిట్టి తరుమలేదు. తన అంతఃపురమునకు వెంటబెట్టుకొని పోయి, తాను విడిచినదేదో చూపి, సిగ్గుపడనిచ్చి, మరల నిలిపినాడు. శాస్త్రము చెప్పునది ధర్మమునుండి జారువానిని గూర్చియే. కాని కడుపు కాలువాడు ధర్మమునుండి జారుట ఎంత సులభము! సూదంత వజ్రము జేబులో వేసికొనుట, తూనికలో తప్పుచేయువాని దగ్గర పనికి కుదురుట, సారాయంగడి గల్లాదగ్గర కూర్చుండుట, ఇవన్నియు రెండు నెలలు పని లేనివానికి తలుపు తెరచియున్న దారులే. పని నేర్పుట ఆ జారుడును ఆపునది గనుక స్థితికరణములో చేరదని చెప్పుటకు గట్టి కారణము కావలెను.

బాకీ యనినంత మాత్రమున చిక్కులు తీరవు. యజమానియే దివాలా తీసినచో? ముడిరాయి అప్పుమీద తెచ్చి, సానపట్టిన రాయి అమ్ముడుపోక, ఇల్లు తాకట్టు పెట్టిన చిన్న కార్ఖానావాడు పనివానితోబాటు వీధిలోనే ఉన్నాడు. ఓడలు బండ్లగుట ఇరువురకు ఒకటే. అట్టివాని బాకీ ఎవరిమీద పడవలెను? పైవర్తకునిమీదనా, సంఘముమీదనా? అప్పుడు సంఘము ఇచ్చినది దానమగునా, పూచీదారుడు చెల్లించిన బాకీయగునా? అనేకాంతవాదము నేర్చినవారు ఇచ్చట రెండును కొంతకొంత యనవచ్చును. అది తప్పించుకొను మాట కాకుండవలెనన్న, ఎంత భాగము ఏది యని అంకెలు వేయవలెను.

మరియొక ఫిర్యాదు తరచుగా వినవచ్చును. జీతమిచ్చి నేర్పించితిమి, నేర్చుకొని పొరుగు అంగడికి పోయినాడు, ఇక ఎవరిని నమ్ముట అని. దానమైనచో ఈ కోపమునకు కొంత చోటున్నది. బాకీ తీర్చినచో లేదు. అప్పు చెల్లించి పుచ్చుకొన్నవాని వెంటబడి, ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టితివని అడుగు ఆచారము ఏ బజారులోను లేదు.

జనశ్రుతిలో ఒక కథ ఉన్నది. ధాన్యము నూర్చునప్పుడు ఎద్దులు కంకులు తినకుండ మూతికి చిక్కము కట్టుడని ఆదినాథుడు నేర్పినారట. పని ముగిసినపిమ్మట విప్పుడని చెప్పుట మరచినారట. ఎద్దులు కొంతసేపు మేతలేక నిలిచినవి. ఆ అంతరాయమే ఆయన సంవత్సరముపైగా ఆహారము లేక తిరుగుటకు కారణమైనదని పెద్దలు చెప్పుదురు. తీర్థంకరుని లెక్కలోకూడ చిక్కము విప్పనందుకు పద్దు పడినది.

దీపావళినాడు శారదాపూజచేసి క్రొత్త పుస్తకములు తెరచు ఆచారము అనేక కుటుంబములలో ఉన్నది. మొదటి పుటమీద స్వస్తికము వేసి, శ్రీకారము వ్రాసి, ఖాతాల పేర్లు వరుసగా ఎత్తుదురు. ఆడిటరు కంప్యూటరులో ఎన్ని ఖాతాలు తెరచినను, ఎఱ్ఱ బట్టకట్టు పుస్తకములో ఏయే పేర్లుండవలెనో ఇంటివారి చేతనే ఉన్నది. ఆ దినములలోనే సూరత్తు కార్ఖానాలు మూతపడును. వరాఛానుండి అమ్రేలీకి, భావనగరునకు బస్సులు రాత్రంతయు నడచును. పెట్టెలు పైన కట్టి, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని పోవువారికి, మూడు వారములపిమ్మట తలుపు తెరచునో తెరువదో ఎవరును చెప్పియుండరు.